4294967297: ఫెర్మా లెక్క తప్పిన చోటు

పెన్‌డ్రైవ్‌లో బోలెడు జాగా ఉన్నా, ఒక పెద్ద సినిమా ఫైల్ కాపీ చేయబోతే 'ఫైల్ మరీ పెద్దది' అంటూ కంప్యూటర్ మొండికేయడం చాలామంది చూసే ఉంటారు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైలుకు గరిష్ఠ పరిమితి 4294967295 బైట్లు. ఇంకొక్క బైటు ఎక్కువైనా తీసుకోదు. దాని పక్కనున్న 4294967296 అంటే 2³², అంటే ముప్ఫై రెండు రెండ్ల లబ్ధం. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం కలిపి అన్నే. కంప్యూటర్ల పుణ్యమా అని ఈ రెండు సంఖ్యలకూ పేరొచ్చింది.

వీటి తర్వాతది 4294967297. మన లెక్కలో చదివితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. కంప్యూటర్‌కు దీనితో పెద్ద పనేమీ లేదు. 32 బిట్ల చోటులో కూర్చోబెట్టబోతే పట్టక, పొంగిపోయి, 1గా కనిపిస్తుంది. కానీ గణితంలో ఈ ముగ్గురు పొరుగువాళ్లలో అసలు కథ దీనిదే. పదిహేడో శతాబ్దపు గొప్ప గణితవేత్త ఒకాయన దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. అది కాదని తేలడానికి 92 ఏళ్లు పట్టింది.

ఆయన పియర్ ద ఫెర్మా. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో న్యాయస్థానంలో పదవి, తీరిక దొరికితే గణితం. పుస్తకాలు వేయడం కంటే స్నేహితులకు ఉత్తరాలు రాయడమే ఎక్కువ. 1640లో ఫ్రెనికల్ అనే తోటి గణితవేత్తకు రాసిన ఉత్తరంలో ఒక వరుస గురించి చెప్పాడు. 2తో మొదలుపెట్టి ప్రతిసారీ వర్గం చేయండి: 2, 4, 16, 256, 65536. ఒక్కోదానికి ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65537. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇలా ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని తనకు నమ్మకమనీ, నిరూపణ మాత్రం చేతిలో లేదనీ ఒప్పుకున్నాడు. ఆ వరుసలో తర్వాత వచ్చేది 65536 వర్గానికి ఒకటి కలిపితే వచ్చే మన సంఖ్యే. 3ను సున్నా నంబరుగా లెక్కపెట్టడం ఆనవాయితీ కాబట్టి దీన్ని ఐదో ఫెర్మా సంఖ్య అంటారు.

ఇక్కడ ఒక పక్కమాట. ఒకటొకటిగా గుణించుకుంటూ పోకుండా, వర్గాలు చేసుకుంటూ 2 ఘాతాల్ని చేరుకునే ఈ ఉపాయం మనవాళ్లకు కొత్తేమీ కాదు. పింగళుడి ఛందశ్శాస్త్రంలో అదే ఉంది. పాదానికి ఇన్ని అక్షరాలుంటే గురులఘువుల కూర్పులు ఎన్ని అన్న ప్రశ్నకు జవాబు 2 ఘాతమే కదా. పాదానికి 26 అక్షరాల ఉత్కృతి ఛందస్సులో 6,71,08,864 వృత్తాలు పుడతాయని తెలుగు లక్షణకర్తలకూ తెలుసు. ఎవరైనా 32 అక్షరాల పాదానికి ప్రస్తారం (గురులఘువుల కూర్పులన్నీ వరుసగా రాసే పట్టిక) వేస్తే సరిగ్గా 4294967296 కూర్పులు వస్తాయి.

మళ్లీ ఫెర్మా దగ్గరకు వద్దాం. 65537 ప్రధాన సంఖ్యేనని చూసుకోవడం కష్టం కాదు. దాని వర్గమూలం 256 చిల్లర, అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరి. కానీ 4294967297 వర్గమూలం 65536 చిల్లర. అంతలోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. చేత్తో అన్ని భాగహారాలు చేయాలంటే ఎవరికైనా ప్రాణం విసుగుతుంది. ఫెర్మా చేయలేదన్నది స్పష్టం. చేసి ఉంటే 116వ ప్రధాన సంఖ్య దగ్గరే ఆగిపోయేవాడు. అది 641.

ఈ మాట తేల్చినవాడు స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్. 1729 డిసెంబర్ 1న గోల్డ్‌బాక్ అనే మరో గణితవేత్త ఆయనకు రాసిన ఉత్తరం చివర, ఫెర్మా చెప్పిన ఈ సంగతి మీకు తెలుసా అని ఒక ముక్క చేర్చాడు. ఆయిలర్ అప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, వయసు 22. మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. గోల్డ్‌బాక్ వదల్లేదు. చివరికి 1732లో ఒక చిన్న వ్యాసంలో బయటపెట్టాడు:

4294967297 = 641 × 6700417

ఎలా దొరికిందో ఆ వ్యాసంలో చెప్పలేదు. దారి మాత్రం తర్వాతి ఏళ్లలో రాసిన వ్యాసాల్లో కనిపిస్తుంది. నన్నడిగితే జవాబు కంటే ఆ దారే అందంగా ఉంటుంది.

ఏదో ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుందని అనుకుందాం. అంటే దానితో 2³²ను భాగిస్తే శేషం −1 (ఒకటి తక్కువైంది అన్నమాట). వర్గం చేస్తే −1 కాస్తా 1 అవుతుంది, కాబట్టి 2⁶⁴ను భాగిస్తే శేషం 1. 2 ఘాతాల్ని వరుసగా భాగించుకుంటూ పోతే శేషాలు ఒక చక్రంలా తిరుగుతాయి. 64 దగ్గర 1 వచ్చింది, 32 దగ్గర రాలేదు. కాబట్టి చక్రం పొడవు కచ్చితంగా 64. మరోవైపు, ఏ బేసి ప్రధాన సంఖ్యను తీసుకున్నా, దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి 2ను పెంచి, ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుంది. అప్పటికి చక్రం కొన్ని పూర్తి చుట్లు తిరిగి ఉండాలి. అంటే ఆ ప్రధాన సంఖ్య నుంచి ఒకటి తీసేస్తే 64 గుణిజం కావాలి.

ఈ ఒక్క ముక్కతో 6542 మంది అనుమానితుల్లో చాలామంది తప్పుకుంటారు. 65, 129, 193, 257, 321... ఇలా 64 చొప్పున పెరిగే వరుసలో ప్రధాన సంఖ్యలు మాత్రం ఏరితే 193, 257, 449, 577, 641. మన సంఖ్యను వీటితో భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 109, 2, 325, 288, 0. ఐదో ప్రయత్నానికే దొరికిపోయింది. 1878లో ల్యూకా అన్న ఫ్రెంచి గణితవేత్త ఈ షరతును ఇంకా బిగించాడు, 64 కాదు 128 గుణిజం కావాలన్నాడు. అప్పుడు 193, 449, 577 కూడా పోతాయి. మిగిలేవి 257, 641.

పైన చెప్పిన 'ఒకటి తక్కువ ఘాతం' సూత్రం ఎవరిదనుకున్నారు? ఫెర్మాదే. దాన్ని ఆయన ఫ్రెనికల్‌కే, అదే 1640లో, అక్టోబర్‌లో రాసి పంపాడు. పనిముట్టు చేతిలోనే ఉంది, దాన్ని ఈ సంఖ్య మీద పెట్టి చూస్తే ఒక పూటలో తేలిపోయేది. ఎందుకు పెట్టలేదన్నదానికి రకరకాల ఊహలున్నాయి. మొదటి అయిదూ అంత చక్కగా కుదిరేసరికి అనుమానం రాలేదేమో.

641 నిజంగా భాగిస్తుందా అని మీరే చూసుకోవచ్చు. పదంకెల సంఖ్యను ముట్టుకోనక్కర్లేదు. 2, 4, 16, 256 దాకా శేషాల గొడవ లేదు. 65536ను 641తో భాగిస్తే 154 మిగులుతుంది. 154 వర్గం 23716, దాన్ని 641తో భాగిస్తే శేషం 640. అంటే 2³²కు శేషం 640. దానికి ఒకటి కలిపితే 641, మిగిలేదేమీ లేదు. కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నా సరిపోయే లెక్క ఇది.

ఇంకా పొట్టి దారి ఒకటుంది. 641ను రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, 5 × 128 + 1. రెండోది, 625 + 16, అంటే 5⁴ + 2⁴. రెండో రూపాన్ని 2²⁸తో గుణిస్తే 640⁴ + 2³² వస్తుంది. ఇది 641 గుణిజం. ఇంకోపక్క 640⁴ − 1 కూడా 641 గుణిజమే, ఎందుకంటే 640² − 1 అంటే 639 × 641. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 640⁴ ఎగిరిపోయి 2³² + 1 మిగులుతుంది. రెండు గుణిజాల తేడా గుణిజమే కదా, అయిపోయింది. తెలివైన నిరూపణే, కానీ 641 అని ముందే తెలిసినవాడికే తడుతుంది. వెతికేవాడికి పనికొచ్చేది ఆయిలర్ దారే.

6700417 ఇంకా విరుగుతుందా అన్నది కూడా ఆ దారిలోనే తేలుతుంది. దాన్ని విరిచేది ఏదైనా మన సంఖ్యనూ విరవాలి కాబట్టి అదీ 128 షరతుకు లొంగాలి. 6700417 వర్గమూలం 2588 చిల్లర. అంతలోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. ఏదీ భాగించదు. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య, మన సంఖ్య భాజకాలు నాలుగే: 1, 641, 6700417, అదీ.

ఇదంతా తెలిసినా, సంఖ్యను వేరే కోణంలోంచి చూస్తే మరో దారి కనిపిస్తుంది. 4294967297 పుట్టుకతోనే రెండు వర్గాల మొత్తం: 65536² + 1². 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య దేన్నైనా రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. 13 అంటే 9 + 4, ఇంకో దారి లేదు. కాబట్టి మన సంఖ్యను రెండో రకంగా కూడా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదన్నమాట. రాయగలం:

4294967297 = 62264² + 20449²

రెండు కూర్పులు దొరికితే కారణాంకాలు కూడా దొరికినట్టే. 65536, 62264ల తేడా 3272, మొత్తం 127800. అటుపక్క 20449, 1ల తేడా 20448, మొత్తం 20450. రెండు కూర్పులూ సమానం కాబట్టి 3272 × 127800, 20448 × 20450 రెండూ ఒకటే, 418161600. ఇప్పుడు 3272, 20448ల గ.సా.భా. తీయండి, 8 వస్తుంది. 127800, 20450లది 50. సగం చేస్తే 4, 25. వాటి వర్గాల మొత్తం 16 + 625, అంటే 641. పెద్ద సంఖ్యను ఒక్కసారి కూడా భాగించకుండానే కారణాంకం చేతికొచ్చింది.

ఈ రెండో కూర్పు ఎక్కడిది? దీని వెనకున్న సూత్రం బ్రహ్మగుప్తుడిది, 628 నాటి బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలోది. రెండు సంఖ్యలు విడివిడిగా రెండేసి వర్గాల మొత్తాలైతే వాటి లబ్ధం కూడా అలాంటి మొత్తమే అవుతుందనీ, అదీ రెండు రకాలుగా అవుతుందనీ దాని సారం. 641 అంటే 25² + 4². 6700417 అంటే 2556² + 409². మొదటి కలయికలో 25 × 2556కు 4 × 409 కలపాలి: 63900 + 1636 = 65536. రెండో భాగానికి 25 × 409లోంచి 4 × 2556 తీసేయాలి: 10225 − 10224 = 1. గుర్తులు తారుమారు చేస్తే 62264, 20449 వస్తాయి. ఆ 10225, 10224 పక్కపక్కన వచ్చి పడటం చూడండి. తేడా ఒక్కటి కాబట్టే ఈ సంఖ్య '65536 వర్గానికి ఒకటి ఎక్కువ' అన్న వేషంలో కనిపిస్తోంది. ఆ వేషం చూసే ఫెర్మా మోసపోయాడు.

ఇప్పుడు కాస్త చిక్కు ముడి. 'ఒకటి తక్కువ ఘాతం' సూత్రాన్ని పరీక్షగానూ వాడుకోవచ్చు. సంఖ్యను ఇచ్చి ఇది ప్రధానమా అని అడిగితే, 2ను దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, దానితోనే భాగించి చూస్తాం. శేషం 1 కాకపోతే అది కచ్చితంగా సంయుక్త సంఖ్య. 1 వస్తే? ప్రధానం కావచ్చు, కాకపోవచ్చు. మన సంఖ్యను పెడితే ఏమవుతుంది? ఒకటి తక్కువ ఘాతం అంటే 2³². అది 64కు గుణిజం. శేషాల చక్రం పొడవు 64 అని ముందే చూశాం. కాబట్టి శేషం 1. మన సంఖ్య పరీక్ష దర్జాగా పాసైపోతుంది. నిజానికి ఈ వరుసలోని సంఖ్యలన్నీ, ప్రధానమైనా కాకపోయినా, 2తో పెట్టిన పరీక్ష పాసవుతాయి. దొంగకు తన తాళంచెవే ఇచ్చి తలుపు తీయమన్నట్టే.

2 బదులు 3 పెడితే గుట్టు రట్టవుతుంది. అప్పుడు వచ్చే శేషం 1 కాదు, 3029026160. 1877లో పెపాన్ అన్న ఆయన దీన్ని ఫెర్మా సంఖ్యలకు తిరుగులేని పరీక్షగా మలిచాడు. 3తో మొదలుపెట్టి, ప్రతిసారీ శేషం మాత్రం ఉంచుకుంటూ, మన సంఖ్యకైతే 31 సార్లు వర్గం చేయాలి. చివర −1 వస్తే ప్రధానం, రాకపోతే కాదు. మనకొచ్చేది 10324303. అంటే ప్రధానం కాదు, ఇక సందేహం లేదు. కానీ ఆ 10324303 మొహం చూస్తే 641 జాడ ఎక్కడైనా కనిపిస్తోందా? లేదు. విరుగుతుందా అన్న ప్రశ్న వేరు, ఎక్కడ విరుగుతుంది అన్న ప్రశ్న వేరు. మొదటిదానికి జవాబు దొరికినా రెండోది దొరకాలని లేదు. బడిలో రెండూ ఒకే పాఠంలో చెబుతారు కాబట్టి ఈ తేడా మనకు అంత తొందరగా తట్టదు. బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు తాళం గుర్తు వెనక తరచూ పనిచేసే ఆర్ఎస్ఏ అనే రహస్య సంకేతాల పద్ధతి భద్రత నిలబడింది సరిగ్గా ఈ తేడా మీదే. పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతికి పట్టుకోవడం తేలిక, రెండింటిని గుణించి ఇస్తే విడదీయడం మహా కష్టం. అందులో మామూలుగా వాడే ఘాతం కూడా మన ఫెర్మా వరుసలోదే, 65537.

జ్యామితి వైపు కూడా ఒక చూపు చూడాలి. 1796లో, ఇంకా 19 నిండని గౌస్, కేవలం స్కేలు, వృత్తలేఖినితో క్రమ సప్తదశభుజి గీయొచ్చని కనిపెట్టాడు. 17 ఎందుకు కుదిరింది, 7 ఎందుకు కుదరదు అన్నదానికి జవాబు ఫెర్మా సంఖ్యల్లోనే ఉంది. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. అలా కాకపోతే కుదరనే కుదరదని 1837లో వాంజెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఇవాళ్టికీ ఆ మొదటి అయిదే. వాటిని గుణించండి: 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295. పెన్‌డ్రైవ్ పరిమితి! స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని మనకు తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. గీస్తే వృత్తం లాగే కనిపిస్తుందనుకోండి, అది వేరే సంగతి. రెండు భుజాలు ఎక్కువున్న 4294967297 భుజాలది మాత్రం గీయలేం. 641లోంచి ఒకటి తీసేస్తే 640, అంటే 128 × 5. ఆ 5 అడ్డొచ్చింది. 2 ఘాతమే మిగిలి ఉంటే ఇబ్బంది లేదు.

ఆ లబ్ధం మన సంఖ్య కంటే సరిగ్గా 2 తక్కువ అన్నది కూడా గమనించాలి. అందుకే ఇందాక 257తో భాగించినప్పుడు శేషం 2 వచ్చింది. 3, 5, 17, 65537లతో భాగించినా 2 మిగులుతుంది. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదని గోల్డ్‌బాక్ 1730లోనే ఇలా పట్టుకున్నాడు. కాబట్టి ల్యూకా షరతు తర్వాత మిగిలిన 257, 641ల్లో 257ను అసలు చూడనక్కర్లేదు. ఇదంతా తెలిసినవాడికి 641 మొదటి ప్రయత్నంలోనే దొరుకుతుంది.

అమెరికాకు చెందిన లెక్కల బాలుడు జెరా కోల్బర్న్‌ను ఎనిమిదేళ్ల వయసులో లండన్‌లో పరీక్షించినప్పుడు ఈ సంఖ్యనే ఇచ్చారనీ, వాడు నోటితోనే 641 అని చెప్పాడనీ ఒక కథ ప్రసిద్ధం. వాడికి ఈ సూత్రాలేవీ తెలియవు.

ఆ తర్వాతి ఫెర్మా సంఖ్యల దగ్గర పని ఇంత తేలికగా సాగలేదు. ఆరోదాని కారణాంకం 274177. దాన్ని 1855లో క్లౌసెన్ గౌస్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. 1880లో లాండ్రీ విడిగా మళ్లీ కనుక్కున్నాడు. ఏడోది విరగడానికి 1970 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ కంప్యూటర్ సాయంతో. ఐదు నుంచి ముప్ఫై రెండు దాకా అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. 33వది ఏమిటో ఇంకా తేలలేదు. దానికి 258 కోట్ల పైచిలుకు అంకెలున్నాయి. పన్నెండోది మొదలుకొని ఏదీ పూర్తిగా విడిపోలేదు. 24వది ప్రధానం కాదని 1999లో పెపాన్ పరీక్షతోనే కంప్యూటర్ల మీద తేల్చారు. 50 లక్షలకు పైగా అంకెలున్న ఆ సంఖ్యకు ఇంతవరకూ ఒక్క కారణాంకం కూడా దొరకలేదు.